గుట్టలు, గడ్డిబీళ్లు, ఎర్ర ఒర్రెలు

కరీంనగర్‌లో పొద్దున్నే బయల్దేరితే మర్నాటి సాయంత్రానికల్లా మూడు యుగాల నేల దాటొచ్చు. రాతిగుట్టలు, రాక్షసబల్లుల ఎముకలు దాచుకున్న ఎర్రమట్టి, కృష్ణజింకలు తిరిగే గడ్డిబీళ్లు, ఆదిలాబాద్ ఘాట్ రోడ్లు, జలపాతాలు అన్నీ ఈ ఒక్క చుట్టులోనే ఉన్నాయి. ఈ చలికాలం బయల్దేరాలనుకునేవారి కోసం ఎప్పుడు, ఎటు, ఎవరి వెంట వెళ్లాలో చెప్పే కథనం ఇది.

పుష్యమాసంలో నెలవంక కనిపించగానే కేస్లాపూర్‌లో గోండుల మెస్రం వంశం పెద్దలు కూర్చుంటారు. తమ నాగదేవత నాగోబా మహాపూజకు గోదావరి జలం తేవాలి. ముందు ఎడ్లబండి కట్టుకుని ఊరూరా తిరిగి తమవాళ్లకు కబురు చెబుతారు. ఆ తర్వాత తెల్లబట్టలు కట్టుకుని, జలం తెచ్చే పాత్ర ఝారి పట్టుకుని, కాళ్లకు చెప్పుల్లేకుండా నడక మొదలుపెడతారు. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం నుంచి మంచిర్యాల జిల్లా జన్నారం మండలం కలమడుగు దాకా, అడవులూ గుట్టలూ వాగులూ దాటుకుంటూ రోజుల తరబడి నడుస్తారు. అక్కడి హస్తినమడుగులో నీళ్లు నింపుకుని మళ్లీ అదే నడక. ఏ పూట ఎక్కడ ఆగాలి, రాత్రి ఏ ఊళ్లో మకాం, ఝారి ఎవరు పట్టాలి అన్నవన్నీ ముందే తేలిపోతాయి. తిరుగుదారిలో ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి మొక్కి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద బస చేస్తారు. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ జరుగుతుంది.

ఉత్తర తెలంగాణలో సాహసయాత్రకు ప్రణాళిక వేసుకునేవాళ్లకు ఇంతకు మించిన పాఠం లేదు. మెస్రం పెద్దలు ముందు కాలం చూసుకుంటారు. దారి తెలిసినవాళ్లను ముందు నడిపిస్తారు. దారిలో ఊళ్లకు కబురు పంపుతారు. మనం చేసేది దీనికి పూర్తిగా తలకిందులు. ఫోన్‌లో జలపాతం వీడియో చూసి, శనివారం పొద్దున్నే నలుగురు మిత్రులం రెండు బైకులెక్కి, దారి అడగడానికి మనిషి కనిపించని చోటికి చేరాక ఆలోచన మొదలుపెడతాం. చూడాల్సిన చోట్ల జాబితా తర్వాత రాసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సినవి మూడే: ఏ నెలలో వెళ్లాలి, ఎవరి వెంట వెళ్లాలి, ఎక్కడ వెనక్కి తిరగాలి. ఈ మూడూ తెలిస్తే దేశంలో మరెక్కడికీ పోనక్కర్లేనంత వైవిధ్యం మన పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోనే ఉంది.

మూడు యుగాల నేల

ముందు కాళ్ల కింది నేల సంగతి. కరీంనగర్ చుట్టుపక్కల కనిపించే గుండ్రాళ్ల గుట్టలు, పరుపుబండలు గ్రానైటువి. దక్కను పీఠభూమికి పునాది ఈ రాయే. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. పెద్దపల్లి దాటి గోదావరి వైపు వస్తుంటే నేల మారుతుంది. ఇక్కడ కోట్ల ఏళ్ల కింద భూమి పొడవునా కుంగి పెద్ద లోయ ఏర్పడింది. అందులో నదులు తెచ్చిన ఇసుక, బురద, చెట్ల మోడులు పొరలు పొరలుగా పేరుకున్నాయి. సింగరేణి బొగ్గు ఆ పొరల్లోదే. రాక్షసబల్లుల ఎముకలు దొరికిందీ వాటి పైపొరల్లోనే. ఇంకా ఉత్తరానికి, పడమరకు, ఉట్నూరు, ఆదిలాబాద్ వైపు ఎక్కితే నల్లరాయి, నల్లరేగడి. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కింద భూమి చీలికల్లోంచి పొంగి పరుచుకున్న లావా అది. పత్తి పండే ఆ నల్లమట్టి ఆ రాయి అరిగి అయినదే.

ఈ మూడు నేలలూ యాత్రను కూడా మూడు రకాలుగా మారుస్తాయి. గ్రానైటు గుట్ట మీద వాన పడిన గంటకే నడవొచ్చు, కానీ నాచు పట్టిన బండ మీద కాలు నిలవదు. ఎర్రమట్టి ఒర్రెల్లో తడి ఉంటే అంచులు విరిగిపడతాయి. నల్లరేగడిలో వానకు బైకు చక్రం తిరగదు, మడ్‌గార్డులో మట్టి గట్టిపడి బండి కదలదు. అందుకే ఏ రోజు ఏ నేల మీద ఉంటామో చూసుకుని దూరాలు లెక్కేసుకోవాలి. తారురోడ్డు మీద గంటలో పోయే దూరానికి గూడేల దారిలో సగం పూట కేటాయించడం మంచిది.

నెల చూసుకున్నాకే దారి

జూలై నుంచి సెప్టెంబరు దాకా జలపాతాలు నిండుగా ఉంటాయి. ప్రమాదమూ అప్పుడే ఎక్కువ. కవ్వాల్ పులుల అభయారణ్యంలో సఫారీలు ఆ నెలల్లో ఆపేస్తారు. గూడేలకు పోయే కల్వర్టులు మునుగుతాయి. 2022 జూలైలో కడెం ప్రాజెక్టు గేట్ల మీదుగా వరద పొర్లిన రోజులు ఈ ప్రాంతం ఇంకా మరిచిపోలేదు. మార్చి తర్వాత ఎండ 45 డిగ్రీలకు పోతుంది, వాగులు ఎండుతాయి, నీళ్ల దగ్గరికి జంతువులు చేరతాయి. కాబట్టి ఈ మొత్తం చుట్టు తిరగడానికి అనువైనది అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఉండే కాలం. అక్టోబరు, నవంబరుల్లో జలపాతాల్లో నీళ్లుంటాయి, గడ్డి నడుమెత్తు ఉంటుంది, దీపావళికి గూడేల్లో దండారీ, గుస్సాడీ ఆడతారు. మార్లవాయికి చెందిన కనకరాజుకు 2021లో పద్మశ్రీ తెచ్చిపెట్టిన ఆట ఈ గుస్సాడీయే. డిసెంబరు, జనవరుల్లో నీళ్లు తగ్గుతాయి, నడక సుఖంగా ఉంటుంది, నాగోబా జాతర వస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. ఆదిలాబాద్ చలిని హైదరాబాద్ చలితో పోల్చుకోకూడదు. చలిగాలులు వీచిన రాత్రుల్లో ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు కూడా పడిపోతుంది. పగలు అంగీ చేతులు మడుచుకుని తిరిగినవాళ్లే రాత్రి డేరాలో నిద్రపట్టక నెగడు చుట్టూ కూర్చోవాల్సి వస్తుంది. ఉన్ని టోపీ, మందపాటి రగ్గు లేకుండా డిసెంబరులో ఉట్నూరు వైపు రాత్రి బస పెట్టుకోవద్దు.

మొదటి మజిలీ: గుట్ట

యాత్ర కరీంనగర్‌లోనే మొదలవ్వాలి. ఊరి పక్కనే మానేరు ఒడ్డున ఎలగందుల కోట ఉంది. ఎత్తు పెద్దది కాదు గానీ, బూట్లు ఎక్కడ కరుస్తున్నాయో, భుజాన సంచి ఎంత బరువైందో, జట్టులో ఎవరికి ముందు ఆయాసం వస్తుందో అక్కడే తెలిసిపోతుంది. జట్టంతా కలిసి ఒక పొద్దున ఎక్కి దిగితే చాలు, యాత్రలో రోజుకు ఎంత దూరం పెట్టుకోవచ్చో లెక్క దొరుకుతుంది.

అక్కడి నుంచి పెద్దపల్లి మీదుగా రామగిరి ఖిల్లా. బేగంపేట దగ్గర ఈ కొండకోట ఎక్కడానికి ఓపిక కావాలి. దారి పొడవునా పొదలు, రాళ్లు, కూలిన బురుజులు. ఔషధ మొక్కలకు ఈ కొండ పేరుపడింది. ఆయుర్వేదం చదివే విద్యార్థులు వాటిని చూడటానికి ఇక్కడికి వస్తుంటారు. మొక్క పేరు తెలిసిన స్థానికుణ్ని ఒకరిని వెంట పెట్టుకుంటే ఈ ఎక్కుడు పూర్తిగా మారిపోతుంది. లేకపోతే మనకు అన్నీ పొదలే. పైనుంచి చూస్తే ఒక దిక్కు పచ్చటి పొలాలు, ఇంకో దిక్కు సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల ఓబీ కుప్పలు కనిపిస్తాయి. బొగ్గు కోసం తవ్వి పోసిన మట్టి అది. వాటి మీదికి ఎక్కడానికి పోవద్దు. అనుమతి ఉండదు, ఆ మట్టి ఎప్పుడు జారుతుందో ఎవరూ చెప్పలేరు.

ఈ మజిలీలో ఇంకో సంగతి కళ్లబడుతుంది. కరీంనగర్ గ్రానైటుకు విదేశాల్లో గిరాకీ ఉంది. ఆ గిరాకీకి గుట్టలు ముక్కలవుతున్నాయి. సగం కోసిన గుట్ట, దాని అంచున వేలాడే ఒంటరి గుండు ఈ దారిలో మాటిమాటికీ కనిపిస్తాయి. 250 కోట్ల ఏళ్లు నిలిచిన రాయి మన తరంలోనే లారీలెక్కి వెళ్లిపోతోంది. ఎక్కగలిగిన గుట్టలను ఇప్పుడే ఎక్కి చూడాలి. అవి మిగలాలని అడగాలి కూడా.

ఎర్రమట్టి లోపలి ఎముకలు

గోదావరి దాటి మంచిర్యాల చేరాక, చెన్నూరు మీదుగా వేమనపల్లి, అక్కడి నుంచి నెన్నెల, బెల్లంపల్లి దిక్కున తిరిగే రోజు ఈ యాత్రకు ప్రాణం. నీళ్లు కోసిన ఎర్రనేల ఇక్కడ ఉంది. భూగర్భ శాస్త్రవేత్తలు మలేరి పొరలు అని పిలిచే ఎర్రని బంకరాయి, మధ్యమధ్య ఇసుకరాయి. వాన పడ్డప్పుడల్లా ఆ మెత్తటి రాయి కరిగి కొట్టుకుపోతుంది, గట్టి ఇసుకరాయి మాత్రం గడపలా మిగులుతుంది.

ఇలాంటి ఒర్రెలోకి దిగి గట్టును దగ్గరగా చూడండి. అడుగున ముదురు ఎరుపు, దాని మీద బూడిదరంగు మచ్చలు, ఆపైన వేలెడు మందాన సున్నపు గులకలు, వాటి మీద మళ్లీ ఎరుపు. చేత్తో తాకితే పొడిగా రాలుతుంది. నీళ్లు చల్లితే జిగురవుతుంది. ఒకప్పుడు నది వరదొచ్చినప్పుడల్లా పరిచిన బురద అది. ప్రతి పొరా ఒక పాత మైదానం.

ఆ మైదానాల్లో తిరిగిన జీవాల పేర్లు ప్రపంచ శాస్త్రగ్రంథాల్లో ఉన్నాయి. నెన్నెల దగ్గర దొరికిన ఒక చిన్న డైనోసార్‌కు ఆల్‌వాకేరియా మలేరియెన్సిస్ అని పేరు పెట్టారు. ఈ పొరల్లోనే దొరికిన ఇంకో మాంసాహార డైనోసార్‌కు 2025లో మలేరిరాప్టర్ కుట్టీ అని నామకరణం జరిగింది. అది సుమారు 22 కోట్ల ఏళ్ల కిందటిది. భూమ్మీద డైనోసార్లు అప్పుడప్పుడే మొదలైన కాలం అది. అంత పాత డైనోసార్ల ఆనవాళ్లు దొరికే చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ.

వేమనపల్లి దగ్గర కథ ఇంకా పెద్దది. ఇక్కడి 'కోట' అనే పేరున్న రాతిపొరల్లో జియలాజికల్ సర్వే శాస్త్రవేత్తలు కనీసం 12 జంతువులకు చెందిన 840 ఎముకల భాగాలు వెలికితీశారు. శాస్త్రవేత్త పి.యాదగిరి 1988లో ఆ జంతువుకు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. సుమారు తొమ్మిది మీటర్ల పొడవుండే శాకాహారి అది. దాని అస్థిపంజరం ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. పిల్లలతో ఈ యాత్ర చేసేవాళ్లు ముందు దాన్ని చూసి రావడం మంచిది. తర్వాత వేమనపల్లి మట్టిలో నిలబడ్డప్పుడు వాళ్లకు అది ఏ జంతువు తిరిగిన నేలో తెలుస్తుంది. ఇదే లోయలో కోట పొరల్లో దొరికిన మరో భారీ డైనోసార్ బారపాసారస్ టాగోరై కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది.

ఇక్కడ నియమం ఒకటే. ఎముకలా కనిపించినా, రాయిగా మారిన చెట్టుముక్క దొరికినా ఫొటో తీసుకుని అక్కడే వదిలేయాలి. రిజర్వు అడవిలోంచి రాయి తీసుకెళ్లడం నేరం. అంతకన్నా ముఖ్యం, ఏ పొరలో దొరికిందో తెలియని ఎముకకు శాస్త్రంలో విలువ ఉండదు. సందేహం ఉంటే ఫొటోతో పాటు చోటును జియలాజికల్ సర్వేకు తెలపండి. అదొక్కటే మనం చేయగల మేలు.

జింకలకు గడ్డి, రాబందులకు కొండ

వేమనపల్లి, కోటపల్లి దారిలో ప్రాణహిత పక్కపక్కనే నడుస్తుంది. వార్ధా, వైన్‌గంగా కలిసి ప్రాణహిత అవుతుంది. కాళేశ్వరం దగ్గర అది గోదావరిలో కలుస్తుంది. ఈ ఒడ్డున 1980లో ఏర్పాటైన ప్రాణహిత అభయారణ్యం విస్తీర్ణం సుమారు 136 చదరపు కిలోమీటర్లు. కృష్ణజింకల కోసం ఏర్పాటు చేసిన నేల ఇది. కృష్ణజింక దట్టమైన అడవిలో బతకలేదు. దానికి దూరం కనిపించాలి, పరుగెత్తడానికి మైదానం కావాలి. గడ్డిబీడును పనికిరాని బంజరని దున్నేసిన ప్రతిచోటా అది మాయమైంది. మన రెవెన్యూ లెక్కల్లో బంజరుగా ఉన్నది ఆ జంతువుకు ఇల్లు.

కవ్వాల్‌లోనూ గడ్డే అడవికి ఆధారం. 1965లో అభయారణ్యంగా మొదలై 2012లో పులుల అభయారణ్యమైన ఈ టేకు అడవిలో కోర్ ప్రాంతమే సుమారు 890 చదరపు కిలోమీటర్లు. జన్నారం నుంచి సఫారీకి వెళ్తే అటవీశాఖ పెంచిన గడ్డి మైదానాలు కనిపిస్తాయి. దుప్పులు, కణుజులు, నీలుగాయిలు మేసేది అక్కడే. అవి ఉంటేనే పులి వస్తుంది. పులి కనిపించలేదని నిరుత్సాహపడి తిరిగొచ్చేవాళ్లు ఆ గడ్డిని ఒక గంట ఓపిగ్గా చూస్తే అడవి ఎట్లా నడుస్తుందో అర్థమవుతుంది.

పెద్దవాగు ప్రాణహితలో కలిసే చోట పాలరాపు గుట్ట నిలువుగా లేస్తుంది. పొడవుముక్కు రాబందులు అక్కడ గూళ్లు కట్టాయని 2013లో గుర్తించారు. పశువులకు వాడే డైక్లోఫెనాక్ మందు వల్ల దేశంలో రాబందులు ఊడ్చిపెట్టుకుపోయాక, 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించాక, ఇక్కడ రాబందులు కనిపించడం పెద్ద కబురైంది. ఈ గుట్టకు అటవీశాఖ అనుమతి లేకుండా పోకూడదు. గూళ్లున్న అంచు వైపు అరుపులు, డ్రోన్లు పనికిరావు. భయపడి లేచిన పక్షి గూటిలో గుడ్డును వదిలేసి పోయే ప్రమాదం ఉంది.

పులి తిరిగే దారి

కాగజ్‌నగర్ అడవి మహారాష్ట్రలోని తాడోబాను కవ్వాల్‌తో కలిపే దారి. తాడోబాలో చోటు చాలని పులులు కొత్త తావు వెతుక్కుంటూ ఇటు వస్తాయి. ఇక్కడ పులి ఉన్నది కంచె లోపల కాదు. పత్తిచేను పక్కనుంచి, వాగు ఇసుకలోంచి, రోడ్డు దాటుకుంటూ పోతుంది. 2020 నవంబరులో దహెగాం మండలంలో ఒక యువకుడు, 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర పత్తి ఏరడానికి వెళ్లిన యువతి పులి దాడిలో చనిపోయారు. రెండూ పత్తి తీసే కాలంలోనే జరిగాయి. వంగి పనిచేసే మనిషి పులికి నాలుగు కాళ్ల జంతువులా కనిపిస్తాడని అటవీ సిబ్బంది చెబుతారు. పొద్దెక్కాకే చేనుకు వెళ్లాలని, గుంపుగా ఉండాలని, తల వెనక మాస్కు కట్టుకోవాలని అప్పట్లో ఊళ్లలో ప్రచారం చేశారు.

అంటే మనం సరదాకు నడిచే అడవిలో వాళ్లు కూలికి నడుస్తున్నారు. యాత్రికుడు ఈ మాట మరిచిపోకూడదు. కాగజ్‌నగర్, బెజ్జూర్, పెంచికల్‌పేట వైపు వెళ్లేముందు రేంజ్ కార్యాలయంలో అడగండి: ఈ వారం పులి ఎటు తిరుగుతోంది, ఏ దారులు మూశారు? పొద్దు పొడవక ముందు, సూర్యాస్తమయం తర్వాత నడవొద్దు. బైకు మీద ఒంటరిగా పోవద్దు. ఎద్దో ఆవో చచ్చి పడి ఉంటే దగ్గరికి వెళ్లొద్దు, అది పులి వేట అయి ఉండొచ్చు. అడుగుజాడలు కనిపిస్తే వాటి వెంట పోకుండా వచ్చిన దారినే వెనక్కి తిరిగి, కనిపించిన చోటు సిబ్బందికి చెప్పండి.

కొండెక్కే రోజు

ఆసిఫాబాద్ నుంచి కెరమెరి ఘాట్ ఎక్కే దారి ఈ యాత్రలో అన్నిటికన్నా అందమైనది. మలుపు మలుపుకూ లోయ లోతవుతుంది, టేకు చెట్లు పల్చబడి జొన్నచేలు మొదలవుతాయి. ఆ కొండల నడుమే జోడేఘాట్ ఉంది. జల్, జంగల్, జమీన్ కోసం పోరాడిన కుమురం భీం 1940లో నిజాం పోలీసుల కాల్పుల్లో అమరుడైన చోటు. 2016లో అక్కడ స్మారక మ్యూజియం తెరిచారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి వర్ధంతి జరుపుతారు. అప్పుడు వెళ్తే గూడేల జనమంతా అక్కడే ఉంటారు. మామూలు రోజుల్లో వెళ్తే ఆ కొండల మధ్య నిలబడి, తుపాకులకు ఎదురు నిలిచినవాళ్లు ఈ దారులను ఎంత ఎరిగి ఉండాలో ఆలోచించుకోవచ్చు.

భీం తిరుగుబాటు తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు తెలుసుకొమ్మని మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ జైనూరు మండలం మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండుల మధ్య బతికారు. ఇద్దరి సమాధులూ ఆ ఊళ్లోనే ఉన్నాయి. కేస్లాపూర్ జాతరలో అధికారులు జనం గోడు వినే దర్బారు మొదలైంది కూడా ఆయన చొరవతోనే. బయటి మనిషి ఈ కొండల్లోకి వచ్చి ఎట్లా ఉండాలో మార్లవాయి ఒక కొలత నేర్పుతుంది: ముందు భాష, తర్వాత మనుషులు, ఆ తర్వాతే రాతలు.

గూడెంలోకి అడుగుపెట్టేటప్పుడు బండి బయటే ఆపండి. 'రాం రాం' అంటే 'రాం రాం' అనే జవాబొస్తుంది. ముందు గూడెం పెద్ద అయిన పటేల్‌ను కలవండి. పెద్దవాళ్లను 'దాదా' అని పిలిస్తే దూరం తగ్గుతుంది. దేవుడి గుడి దగ్గర, శ్మశానంలో, ఆడవాళ్లు నీళ్లు తోడుకునే చోట అడగకుండా కెమెరా తీయొద్దు. ఈ దారిలోని ఉషేగాం చుట్టుపక్కల ఇత్తడి డోక్రా బొమ్మలు పోస్తారు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొమ్మ కొనాలనుకుంటే చేసిన చేతుల దగ్గరే, బేరమాడకుండా కొనండి. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం చేసే ఇప్పపువ్వు లడ్డూలు నడకలో బలమైన తిండి. ఫ్యాక్టరీ ఎనర్జీ బారు కన్నా మేలు.

కేస్లాపూర్‌లో ఇప్పుడున్న నాగోబా రాతిగుడిని మెస్రం వంశీయులు తమ సొంత చందాలతో కట్టుకుని 2022 డిసెంబరులో ప్రారంభించుకున్నారు. జాతర రోజుల్లో ఆ వంశంలోని 22 కితల (శాఖల) కుటుంబాలు వంతులవారీగా 22 పొయ్యిల మీద వంట చేసుకుంటాయి. గుడి పక్కన గోడ లోపల వరసగా వెలిగే ఆ పొయ్యిలను చూస్తే ఎన్ని వేలమంది వచ్చినా తోపులాట లేకుండా ఎట్లా అన్నం తింటారో తెలుస్తుంది. ఎవరి పొయ్యి ఎవరిదో ముందే తెలుసు కాబట్టి.

నీళ్ల దగ్గర

చివరి మజిలీ జలపాతాలది. నేరడిగొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి దిగితే కుంటాల. కడెం నది సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి మెట్లు మెట్లుగా దూకుతుంది. శివరాత్రికి అక్కడ సోమన్న జాతర జరుగుతుంది. బోథ్ వైపు పొచ్చెర ఎత్తు సుమారు 20 మీటర్లే, కానీ ధార వెడల్పు, వేగం ఎక్కువ. బజార్‌హత్నూర్ మండలంలో కనకాయి, నేరడిగొండ దగ్గర గాయత్రి, లింగాపూర్ మండలంలో మిట్టె జలపాతాలకు కొంత నడవాలి. నడక ఇష్టమున్నవాళ్లకు ఇవే అసలు గమ్యాలు.

కుంటాలలో ఎన్నో ఇళ్ల పిల్లలు నీళ్లపాలయ్యారు. ఈత వచ్చినా ఇక్కడ పనికిరాదు. జలపాతం కింద గుండం పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. లోపల రాతి గూళ్లుంటాయి, పైనుంచి పడే నీరు మనిషిని వాటిలోకి తోసి పట్టేస్తుంది. అందుకే కడ్డీలు దాటొద్దు. సెల్ఫీ కోసం అంచు రాయి మీదికి పోవద్దు. ఎగువన వాన పడితే మన దగ్గర ఎండగా ఉన్నా వాగు పెరుగుతుంది. తేటగా ఉన్న నీళ్లు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా వెంటనే ఒడ్డుకు రావాలి. మోకాలు దాటి పారే నీటిని కాలినడకన గానీ బైకు మీద గానీ దాటొద్దు. ఆగిపోతే పూట పోతుంది, అంతే. ఈ యాత్రలో ఒక రోజును అలాంటి ఆగుదల కోసం ఖాళీగా వదిలిపెట్టుకోవాలి.

తిరుగుదారి నిర్మల్ మీదుగా కడెం, జన్నారం. కలమడుగు దగ్గర హస్తినమడుగు చూసి, లక్సెట్టిపేట నుంచి రాయపట్నం వంతెన దాటి, ధర్మపురి, జగిత్యాల మీదుగా కరీంనగర్. మొత్తం ఆరు రోజుల చుట్టు, ఒక రోజు ఖాళీతో ఏడు. కారు లేనివాళ్లు కాజీపేట–బల్లార్షా రైలు మార్గంలో మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూర్ కాగజ్‌నగర్ స్టేషన్లను ఆధారం చేసుకుని, అక్కడి నుంచి బస్సులు, స్థానిక జీపుల్లో తిరగొచ్చు.

సంచిలో, కాగితం మీద

సంచి బరువు తగ్గించుకోండి గానీ ఇవి మాత్రం వదలొద్దు: మనిషికి మూడు లీటర్ల నీళ్లు, దోమతెర, టార్చి, ఈల, చీలమండ కప్పే బూట్లు, బెల్లం, వేయించిన పల్లీలు, ఓఆర్ఎస్ పొట్లాలు, గాయాల మందులు. వర్షాకాలం తర్వాత ఏజెన్సీలో మలేరియా ఉంటుంది. యాత్ర నుంచి వచ్చాక జ్వరమొస్తే వైద్యుడికి ఎక్కడెక్కడ తిరిగారో చెప్పండి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం వద్దు. కరిచిన అవయవం కదలకుండా చూసి విషవిరుగుడు మందున్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆదిలాబాద్‌లో రిమ్స్ ఉంది. ఏ మజిలీకి దగ్గరి ఆస్పత్రి ఏదో బయల్దేరక ముందే రాసుకోవాలి.

కొండల్లో చాలాచోట్ల ఫోన్ పనిచేయదు. కాబట్టి కాగితం మీద దారి రాసి ఒక ప్రతి ఇంట్లో, ఒకటి మొదటి బస దగ్గర ఇవ్వండి. ఏ రోజు రాత్రి ఎక్కడుంటారో, ఎన్ని గంటల దాకా కబురు రాకపోతే ఎవరికి చెప్పాలో అందులో ఉండాలి. జట్టులో వెనక్కి తిరుగుదాం అనే మాట ఎవరు అన్నా, కారణం అడగకుండా తిరగాలని మొదటి రోజే ఒప్పుకోండి. ఎక్కువ ప్రమాదాలు ఆ మాట అనడానికి ఒకరు మొహమాటపడ్డప్పుడే జరుగుతాయి.

దారి చూపించడానికి వచ్చిన గూడెం యువకుడికి రోజు కూలి ముందే మాట్లాడుకోండి. అతను అన్నం తినకుండా మనం తినకూడదు. ప్లాస్టిక్ సీసాలు, బిర్యానీ డబ్బాలు మళ్లీ సంచిలోనే తిరిగి రావాలి. పొచ్చెర ఒడ్డున పగిలిన సీసా మీద కాలేసేది మనం కాదు, పశువులు కాసే పిల్లలు.

ఈ నేలను చూసినవాళ్లే అడగగలరు

ప్రాణహిత అవతలి ఒడ్డున, గడ్చిరోలి జిల్లా సిరోంచా తాలూకాలో మహారాష్ట్ర వడధం శిలాజ ఉద్యానం పెట్టుకుంది. అదే లోయ, అదే పొరలు ఇటువైపు కూడా ఉన్నాయి. మన వేమనపల్లి ఎముకలు చూడాలంటే హైదరాబాద్ పోవాలి. ఆ ఊరి బడిలో చదివే పిల్లవాడికి తన ఊరి పేరు ప్రపంచ శాస్త్రంలో ఉందని చెప్పే ప్రదర్శనశాల ఆ ఊళ్లోనే ఉండాలి. నెన్నెల ఎర్ర ఒర్రెలకు కంచె, ఒక బోర్డు, చదువుకున్న స్థానిక గైడు కావాలి. కృష్ణజింకల గడ్డిబీళ్లను బంజరని రాసే పద్ధతి మారాలి.

ఇవన్నీ జనం అడిగితేనే వస్తాయి. అడగాలంటే ముందు చూసి ఉండాలి. కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల బడులు ఏటా పిల్లలను విహారయాత్రకు దూరపు పార్కులకు తీసుకెళ్తున్నాయి. ఈ ఏడాది ఒక్క బడైనా నెన్నెల ఒర్రె గట్టు ముందు పాఠం చెప్పాలి. ఒక్క కాలేజీ జట్టైనా పటేల్‌ను అడిగి, అటవీశాఖకు చెప్పి, గూడెం యువకుణ్ని ముందు నడిపించి కెరమెరి కొండలు ఎక్కాలి. సరిగ్గా వేసుకున్న యాత్రతో వెళ్లినవాళ్లకు క్షేమం, గూడేనికి నాలుగు పైసల ఆదాయం, ఈ గుట్టలకూ ఒర్రెలకూ తమ తరఫున మాట్లాడే మనుషులు దొరుకుతారు. నవంబరు పొద్దులు మొదలయ్యేలోపు కాగితం తీసి దారి రాసుకోవడం మొదలుపెట్టండి.